నీటి ఒడ్డున బేస్‌బాల్ స్టేడియం కడితే డౌన్‌టౌన్ బాగుపడుతుందా?

స్టేడియం ఒక్కదానితో కష్టం. బాగుపడుతుందనడానికి అందరూ చూపించే ఉదాహరణ శాన్‌ఫ్రాన్సిస్కో. చలిగాలికి పేరుమోసిన క్యాండిల్‌స్టిక్ పార్క్ అనే పాత స్టేడియాన్ని వదిలేసి జెయింట్స్ జట్టు 2000లో చైనా బేసిన్ ఒడ్డుకు, ఇప్పుడు ఒరాకిల్ పార్క్ అంటున్న చోటికి వచ్చింది. కుడివైపు గోడ మీదుగా బాగా దూరం కొట్టిన బంతి నేరుగా నీళ్లలో పడుతుంది. దాన్ని పట్టుకోవడానికి జనం చిన్న పడవల్లో కాచుకుని ఉంటారు. అదో సరదా.

అసలు కథ డబ్బుది. 1987, 1989లలో వచ్చిన స్టేడియం ప్రతిపాదనలను ఓటర్లు తిప్పికొట్టారు. 1996లో ఒప్పుకున్నారంటే, ఖర్చు దాదాపు అంతా జట్టే పెట్టుకుంటానన్నది కాబట్టి. సుమారు 35 కోట్ల డాలర్లయింది. స్థలం మాత్రం పోర్టు నుంచి లీజు.

చుట్టుపక్కల మారిన మాట నిజమే. కానీ కాల్‌ట్రెయిన్ అనే లోకల్ రైలు స్టేషన్ నడిచేంత దూరంలో ఉంది, కాలువ అవతల మిషన్ బేలో వైద్య విశ్వవిద్యాలయం క్యాంపస్ వచ్చింది, టెక్ ఉద్యోగాలు పెరిగాయి. ఇవన్నీ లేకుండా స్టేడియం ఏం చేసేదో చెప్పడం కష్టం. రెగ్యులర్ సీజన్‌లో సొంతగడ్డపై ఉండేవి 81 ఆటలే, మిగతా రోజుల్లో హోటళ్లకు గిరాకీ ఎక్కడిది? స్టేడియాల మీద పెట్టిన ప్రజాధనం తిరిగి రాదని చాలామంది ఆర్థికవేత్తలు అనేది కూడా ఇందుకే.