గుండె కవాటంలో లోపమా? బెంగళూరుకు కొత్తగా వచ్చిన తల్లిదండ్రులకు

బిడ్డ గుండెలో చప్పుడు వినిపిస్తోందని, పెద్దాసుపత్రిలో చూపించమని సొంతూరి డాక్టరు చెప్పగానే అనంతపురం నుంచో, మదనపల్లె నుంచో బయలుదేరిన బంధువులు ఇరవై ఏళ్లుగా బెంగళూరులో మా ఇంట్లోనే దిగుతున్నారు. వారందరికీ నేను ముందుగా చెప్పేది ఒక్కటే: ఎకో (ధ్వని తరంగాలతో గుండెను తెర మీద చూసే పరీక్ష) రిపోర్టు కాగితంతో సరిపెట్టుకోకుండా, ఆ పరీక్షలో తీసిన కదిలే బొమ్మలను కూడా సీడీలోనో పెన్‌డ్రైవ్‌లోనో అడిగి తెచ్చుకోండి.

మా అన్నయ్య కూతురి విషయంలో ఈ సంగతి తెలియక మూడేళ్లు పోగొట్టుకున్నాం. పాప మెట్లెక్కితే పెదవులు నీలంగా మారేవి, ఉన్నట్టుండి గుండె దడదడలాడేది. చేతిలోని కాగితంలో మాత్రం ట్రైకస్పిడ్ కవాటంలో, అంటే గుండె కుడివైపు పై గదికీ కింది గదికీ మధ్యనున్న తలుపులాంటి దానిలో, కొద్దిగా లీకు అని ఒక్క ముక్క ఉంది. ఇక్కడి పిల్లల గుండె నిపుణురాలు పాపను ఎడమ పక్కకు ఒత్తిగిలి పడుకోబెట్టి, గుండె నాలుగు గదులూ ఒకేసారి కనిపించే చోట బొమ్మను ఆపి, ఈ కవాటం, ఎడమవైపు గదుల మధ్యనున్న కవాటం, రెండింటి రేకులు నడిమి గోడకు అతుక్కున్న చోట్ల మధ్య దూరాన్ని తెర మీద గీత గీసి కొలిచారు. కుడివైపు రేకు మామూలుగానే కాస్త దిగువన ఉంటుంది. శరీర వైశాల్యంలో చదరపు మీటరుకు 8 మిల్లీమీటర్లు, లేదా అంతకు మించి దిగిందంటే అది 1866లో జర్మన్ వైద్యుడు విల్‌హెల్మ్ ఎబ్‌స్టైన్ వర్ణించిన లోపం. దీనితో పాటు గుండెలో అదనపు విద్యుత్ మార్గం కూడా ఉండవచ్చు కనుక, దడ ఉన్న పిల్లలకు ఈసీజీ తప్పనిసరి.

గుండె నుంచి ఒంటికి రక్తం తీసుకెళ్లే పెద్ద నాళమైన బృహద్ధమని కవాటానికి మూడు రేకులకు బదులు నాలుగు ఉండటం మరీ అరుదు. మూసుకున్నప్పుడు వాటి అంచులు ఇంటూ గుర్తులా కనిపిస్తాయి. ఛాతీ మీది నుంచి అది తేటగా కనబడకపోతే, గొంతులోంచి సన్నని గొట్టం దింపి ఎకో తీస్తామంటారు. పిల్లలకు మత్తు ఇచ్చే చేస్తారు, దయచేసి దానికి భయపడి ఊరికి తిరిగి వెళ్లకండి.

బన్నేరుఘట్ట రోడ్డులోని జయదేవ గుండె ఆసుపత్రి ప్రభుత్వ ఆధ్వర్యంలోనిది. వైట్‌ఫీల్డ్‌లోని సత్యసాయి ఆసుపత్రిలో గుండె వైద్యానికి డబ్బు తీసుకోరు. ఎక్కడికి వెళ్లినా పుట్టుకతో వచ్చిన గుండె లోపాలను చూసే పిల్లల విభాగం ఏదని అడగండి, ఎందుకంటే పెద్దల గుండెపోట్లు చూసే చేతికి ఇటువంటి కవాటాలు అరుదుగా తగులుతాయి. తల్లి మళ్లీ గర్భవతి అయితే 18 నుంచి 24 వారాల మధ్య గర్భస్థ శిశువుకు ఎకో చేయించాలి. మా వదిన రెండో కాన్పుకు అలాగే చేయించాం, బాబు కవాటాలు సరిగా ఉన్నాయని ఆ రోజే తెలిసింది.