రెండు పాత కంప్యూటర్లు అడిగితే కాదనకండి

ప్రశ్న: మావాడు బీటెక్ అయ్యాక గుంటూరులోనే చిన్న కంపెనీలో సిస్టమ్స్ పని నేర్చుకుంటున్నాడు. అక్కడ మెయిల్ సర్వర్‌ను రెండు మెషీన్ల మీద నడపాలట, ఒకటి ఆగినా రెండోది అందుకోవాలట. అందుకు కావలసిన స్టోరేజ్ పెట్టె లక్షల్లో ఉందని, రెండు పాత కంప్యూటర్లతో ఇంట్లో చేసి చూస్తానంటున్నాడు. అంతా క్లౌడ్ అంటుంటే ఇదెందుకు? అమీర్‌పేట పంపి జావా చెప్పించమంటారా?
– ఒక తండ్రి, బ్రాడీపేట

జవాబు: అమీర్‌పేట ఎక్కడికీ పోదు లెండి. ముందు ఆ కంప్యూటర్లు ఇప్పించండి, సెకండ్ హ్యాండ్‌వి చాలు.

మీవాడి ఆలోచన గాల్లో మేడ కాదండీ. ఆ ఖరీదైన పెట్టె బదులు డీఆర్‌బీడీ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, 2010లోనే లైనక్స్ కెర్నెల్లో (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలో) చేరింది. ఒక మెషీన్ డిస్కులో రాసేదంతా కేబుల్ మీదుగా రెండోదాని డిస్కులోనూ రాస్తుంది. అందులో ప్రోటోకాల్ ‘సి’ అనే సెట్టింగ్ పెడితే రెండుచోట్లా పడ్డాకే ‘రాశాను’ అంటుంది. మెయిల్‌కి కావలసిందదే. దాని పైన మెయిల్ పంపడానికి, అందుకోవడానికి పోస్ట్‌ఫిక్స్, వచ్చినవి చదువుకోవడానికి డవ్‌కాట్, ఒక మెషీన్ ఆగితే పనిని రెండోదానికి మార్చడానికి పేస్‌మేకర్. అన్నీ ఉచితమే.

నడిపించడం పెద్ద విశేషం కాదు, చెడగొట్టి చూడాలి. మధ్యలో కేబుల్ పీకితే రెండు మెషీన్లూ ‘అవతలిది పోయింది, ఇక నేనే’ అనుకుని, విడివిడిగా మెయిల్స్ తీసుకోవచ్చు. దీన్నే స్ప్లిట్ బ్రెయిన్ అంటారు. మళ్లీ కేబుల్ పెట్టినా రెండూ కలవవు, ఒకవైపు రాసింది వదులుకోవాలి. ఏ వైపు? ఆ ప్రశ్న దగ్గర చెమటలు పట్టినవాడికే ఫెన్సింగ్ (ఎదుటి మెషీన్‌కి కరెంటు తీసేశాకే తాను పని అందుకోవడం) ఎందుకో, మూడో ఓటు (రెండిట్లో ఏది నడవాలో తేల్చే మూడో మెషీన్) ఎందుకో ఒంటబడుతుంది. ఇంటర్వ్యూలో నేనైతే ఇదే అడుగుతాను. క్లౌడ్ లోపలా ఇదే గొడవ, కాకపోతే మెషీన్లు ఎక్కువ.

ఒక్కటి మాత్రం వాడికి గట్టిగా చెప్పండి: ఇది బ్యాకప్ కాదు. గుమాస్తా పొరపాటున ఫోల్డర్ చెరిపితే రెండుచోట్లా అదే క్షణంలో పోతుంది. పైగా 2024 సెప్టెంబర్లో బుడమేరు వాగు విజయవాడ సింగ్ నగర్‌ని ముంచినప్పుడు, కింది అంతస్తులో పక్కపక్కనే పెట్టిన రెండు మెషీన్లు ఒకదాన్నొకటి ఏం కాపాడతాయి? రోజూ రాత్రి ఒక కాపీ వేరే చోటికి వెళ్లాలి.

సర్టిఫికెట్ కావాలంటే రెడ్ హ్యాట్ కంపెనీ పెట్టే లైనక్స్ పరీక్ష ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ రాయించండి. అందులో టిక్కులు పెట్టడాలుండవు, మెషీన్ మీద చేసి చూపించాలి. జావా సంగతి ఆ తర్వాత.

అంతా సిద్ధమయ్యాక ఓ ఆదివారం వాడి పక్కన కూర్చోండి. ఫోన్ నుంచి మెయిల్ పంపుతూ, నడుస్తున్న మెషీన్ ప్లగ్గు మీరే పీకండి.