ఆయిల్ డబ్బా విప్పేముందు ఈ ఉత్తరం చదువు

చిట్టీ,

ఈసారి బుల్లెట్ సర్వీసు నువ్వే చేసుకుంటానన్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆవిడ ఫిర్యాదు చేసింది గానీ నాకు మీసం మెలేయాలనిపించింది. షెడ్డు మూసేశాక మన ఇంట్లో మళ్లీ పానా పట్టేవాళ్లు ఉండరనుకున్నాను. ఆ సంతోషం సాయంత్రం దాకా ఉంది. రాత్రి పడుకున్నాక టెన్షన్ మొదలైంది. వాట్సాప్‌లో పెడితే బొటనవేలు బొమ్మ ఒకటి పంపి ఊరుకుంటావని కాగితం మీద రాస్తున్నా.

నీకు తెలిసినవి తొందరగా చెప్పేస్తా. బండి కాస్త వేడెక్కాక ఆపి, ఆయిల్ దించు. ఫిల్టర్ మార్చు. డ్రైన్ బోల్టుకి కొత్త వాషర్ వెయ్యి. బోల్టుని ముందు చేత్తోనే ఎక్కించు, పానా తర్వాత. అది అల్యూమినియం కేసింగు, నీ బలం దానిమీద చూపిస్తే మరలు పోతాయి. లెవెల్ అద్దంలో చూసేటప్పుడు బండి నిటారుగా ఉండాలి, సైడ్ స్టాండ్ మీద కాదు. నాలుగు చుక్కలు ఎక్కువైతే మంచిదే అనుకోకు. ఎక్కువైన ఆయిల్ ఎయిర్ ఫిల్టర్ డబ్బాలోకి తన్నుకొస్తుంది.

ఇక ఏ ఆయిల్ అన్నది. నీ క్లాసిక్ 350కి 15డబ్ల్యూ-50. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత సులువుగా పారుతుందో చెప్తుంది, వెనకున్నది ఇంజన్ కాగినప్పుడు ఎంత చిక్కగా నిలబడుతుందో చెప్తుంది. స్ప్లెండర్‌కి పోసే 10డబ్ల్యూ-30 దీనికన్నా పల్చన. గాలికి చల్లారే పెద్ద ఇంజన్, మే నెలలో కూకట్‌పల్లి సిగ్నళ్ల దగ్గర ఆగి ఆగి వెళ్లాలి, దానికి ఆ చిక్కదనం కావాలి.

అంకెతో పాటు డబ్బా మీద జాసో ఎంఏ గానీ ఎంఏ2 గానీ ఉందో లేదో చూడు, అది తడి క్లచ్ బండ్లకి పనికొస్తుందని చెప్పే జపాన్ ప్రమాణం గుర్తు. మామూలు కారులో క్లచ్ వేరేచోట పొడిగా ఉంటుంది. నీ బండిలో క్లచ్ ప్లేట్లు ఇంజన్ ఆయిల్లోనే తడుస్తుంటాయి. కారు ఆయిళ్లలో, ముఖ్యంగా మైలేజీ కోసం చేసే పల్చటి వాటిలో, రాపిడి తగ్గించే మందులు కలుపుతారు. అవి ప్లేట్లకి పడితే పట్టు పోతుంది. ఇంజన్ అరుస్తుంది, బండి మాత్రం కదలదు. అలా వచ్చిన కుర్రాళ్లు షెడ్డు ముందు నిలబడి, "ఖరీదైన కారు ఆయిల్ అంకుల్" అని గొప్పగా చెప్పేవాళ్లు. నీ రూమ్మేట్ యాక్టివాకి కొన్నదాంట్లో మిగిలింది కూడా ఇందులో ఒంపకు, స్కూటర్లకి వచ్చేది ఎంబీ గుర్తుది, తడి క్లచ్‌కి కాదు. ఫుల్ సింథటిక్ పోయాలా అంటావేమో. గ్రేడు, గుర్తు సరిపోతే పొయ్యి, డబ్బులు నీవి.

ఇప్పుడు నువ్వు అడగని సంగతి. నాకు నిద్ర పట్టనిది దీనికే.

పెళ్లికి ముందు మీ నాన్న డిస్క్ బ్రేకు బండి కొన్నాడు. మా వైపు అప్పటికి డిస్క్ బ్రేకులు కొత్త. ఒకరోజు హ్యాండిల్ మీదున్న, బ్రేక్ ఫ్లూయిడ్ ఉండే చిన్న డబ్బాలో లెవెల్ తగ్గినట్టు కనిపించింది. నేను సామాన్ల కోసం వైజాగ్ వెళ్లాను. షెడ్డులో ఇంజన్ ఆయిల్ ఉంది. ఆయిల్ ఆయిలే కదా అనుకుని నింపేశాడు. నాకు చెప్పలేదు.

కొన్నాళ్లు బాగానే నడిచింది. అందులోనే ఉంది మోసమంతా. బ్రేకులో ఉండే రబ్బరు వాషర్లు బ్రేక్ ఫ్లూయిడ్‌ని తట్టుకునేలా చేసినవి. పెట్రోలియం ఆయిల్ తగిలితే మెల్లగా ఉబ్బుతాయి. లివర్ వదిలాక ఫ్లూయిడ్ డబ్బాలోకి వెనక్కి రావడానికి ఒక సన్నటి రంధ్రం ఉంటుంది. ఉబ్బిన రబ్బరు దాన్ని మూసేస్తుంది. ఇక పట్టిన బ్రేకు పూర్తిగా వదలదు, రాసుకుని వేడెక్కుతుంది, వేడికి లోపలున్నది వ్యాకోచించి ఇంకా బిగుస్తుంది.

లంబసింగి నుంచి నర్సీపట్నం వైపు ఘాట్ దిగుతున్నాడు. వెనక మీ అత్త. ఒక మలుపులో ముందు చక్రం బిగుసుకుపోయింది. కొండ వైపు పడ్డారు కాబట్టి ఈ ఉత్తరంలో వాళ్లిద్దరి గురించి ఇలా రాయగలుగుతున్నాను. మీ అత్త మోచేతి మీద మచ్చ నూనె చిందితే వచ్చిందని చిన్నప్పుడు మీకు చెప్పాం. అది అబద్ధం. ఇప్పుడు బయటపెట్టానని మీ నాన్న కోప్పడతాడు, కోప్పడనీ. మాస్టర్ సిలిండర్, పైపు, క్యాలిపర్ రబ్బర్లు అన్నీ తీసి కొత్తవి వేశాను. నేను ఒక్క మాట అనలేదు. వాడు పక్కనే కూర్చుని అడక్కుండానే పానాలు అందించాడు.

కాబట్టి ఆ చిన్న డబ్బాలోకి డాట్ 4 రకం బ్రేక్ ఫ్లూయిడ్ తప్ప ఇంకేదీ వెళ్లకూడదు. డాట్ 5 అంటే ఇంకా మంచిదనుకునేవు, అది సిలికాన్, దీంతో కలవదు. ఎప్పుడో మూత తీసి అటక మీద పెట్టిన సీసా వద్దు. డాట్ 4 గాలిలో తేమని పీల్చుకుంటుంది. కొత్తది 230 డిగ్రీల దాకా మరగకుండా నిలబడాలి, తేమ పట్టిందానికి ప్రమాణం 155 మాత్రమే. ఘాట్ దిగేటప్పుడు ఆ తేడా లివర్‌లో తెలుస్తుంది. లెవెల్ తగ్గితే ముందు బ్రేక్ ప్యాడ్లు చూడు, అవి అరిగితే అది తగ్గుతుంది. ట్యాంకు మీద చుక్క పడితే వెంటనే నీళ్లతో కడుగు, లేకపోతే పెయింటు ఊడుతుంది. అసలు ఈసారికి నువ్వు ఆ మూత విప్పకు తల్లీ. చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉన్న బండి, బ్రేకు పైపులో గాలి దూరితే తియ్యడం నీ వల్ల కాదు. రెండేళ్లకోసారి షోరూంలో మార్పించు.

చైన్‌కి 90 నంబరు గేర్ ఆయిల్ చాలు, చైన్ స్ప్రే అయినా సరే. ఇంజన్ ఆపి, చక్రం చేత్తో తిప్పుతూ రాయి. ఇంజన్ నడుస్తుండగా గుడ్డ పెట్టి తుడిస్తే వేళ్లు పోతాయి. డిస్కు మీద చుక్క కూడా పడనివ్వకు.

దించిన పాత ఆయిల్ కాలవలో పొయ్యకు, క్యాన్‌లో పట్టి సర్వీస్ సెంటర్‌లో ఇవ్వు. ఖాళీ డబ్బాకి కత్తితో గాటు పెట్టాకే పాత సామాన్లవాడికి వెయ్యి, లేకపోతే అందులోనే నకిలీది నింపి అమ్ముతారు.

ఆయిల్ కొన్నాక డబ్బా వెనక వైపు ఫొటో తీసి పంపు. పొయ్యకముందే పంపు. నేను చూసి ఫోన్ చేసేదాకా ఆగు.

మీ పెదనాన్న