విశాఖలో ఇల్లు: సముద్రం తర్వాత, ముందు డ్యూటీ ఎటువైపో చూడండి

ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల నుంచి విశాఖపట్నం కదులుతున్నవాళ్ల ఉత్తరాలు ఈసారి గుట్టగా వచ్చాయి. అందరూ అడిగింది ఒకటే: ఏ వాడలో దిగాలి? జవాబులకు ముందు ఊరి నక్షా ఒక్క నిమిషం కళ్ల ముందు పెట్టుకోండి. విశాఖ హైదరాబాద్‌లా నాలుగు దిక్కులా గుండ్రంగా పెరిగిన ఊరు కాదు. ఒకపక్క సముద్రం, ఇంకోపక్క సింహాచలం, కంబాలకొండ వరసలు. ఆ నడుమ దొరికిన జాగాలో పొడుగ్గా సాగింది. దక్షిణం కొసన గాజువాక, కూర్మన్నపాలెం. ఉత్తరం కొసన మధురవాడ, కొమ్మాది. ఈ కొస నుంచి ఆ కొసకు 30 కిలోమీటర్ల పైమాటే, దాదాపు అందరికీ దారి ఒక్కటే, 16వ నంబరు జాతీయ రహదారి. అందుకే ఇల్లు తప్పు కొసన తీసుకుంటే రింగు రోడ్డెక్కి చుట్టి వచ్చే వెసులుబాటు ఇక్కడ లేదు.

ప్రశ్న: పోలేపల్లి సెజ్‌ల మందుల కంపెనీల పనిచేస్తున్న. ఇప్పుడు పరవాడ ఫార్మా సిటీల నౌకరి దొరికింది, షిఫ్టు డ్యూటీ. ఇంట్ల భార్య, బడికి పోయే ఇద్దరు పిల్లలు. ఫ్యాక్టరీ పక్కకే ఉంటే కిరాయి తక్కువని ఒకరు, సిటీల ఉండుమని ఒకరు చెప్తున్నరు. ఏది మంచిది?
– ఒక పాఠకుడు, జడ్చర్ల

జవాబు: రెండూ కాదు. కూర్మన్నపాలెం, లేదంటే గాజువాక చూడండి.

ఫార్మా సిటీ గోడ పక్క ఊళ్లలో కిరాయి తక్కువే. కానీ వాసనల బాధ పడలేక తాడి గ్రామస్తులే తమను వేరేచోటికి తరలించమని ఏళ్లుగా అడుగుతున్నారు. మీరు డ్యూటీలో ఎనిమిది గంటలు పీల్చేది పిల్లలు ఇరవై నాలుగు గంటలు పీల్చడం ఎందుకు? ఇక సిటీ నడిబొడ్డు సంగతి. మద్దిలపాలెం నుంచి ఫార్మా సిటీకి 35 కిలోమీటర్ల పైమాటే. ఉదయం 6 గంటల షిఫ్టుకు కంపెనీ బస్సు అందుకోవాలంటే నాలుగున్నరకల్లా రోడ్డు మీద నిలబడాలి. రాత్రి 10కి దిగితే ఇల్లు చేరేసరికి పదకొండున్నర. రెండు నెలలు ఓపిక పడతారు, మూడో నెలలో మళ్లీ ఇల్లు మారతారు, అడ్వాన్సు గురించి ఓనరుతో గొడవ పడతారు.

కూర్మన్నపాలెం నుంచి ఫార్మా సిటీ సుమారు 15 కిలోమీటర్లు. స్టీల్ ప్లాంట్ పుణ్యమా అని బడులు, మార్కెట్టు, కిరాయి పోర్షన్లు అక్కడ ఎప్పటినుంచో ఉన్నాయి. దువ్వాడ స్టేషన్ కూడా దగ్గరే. హైదరాబాద్ వైపు నుంచి వచ్చే రైళ్లు చాలావరకు అక్కడ ఆగుతాయి, కాబట్టి సామానుతో విశాఖ పెద్ద స్టేషన్ దాకా పోయి వెనక్కి రానక్కర్లేదు. గాజువాక ఇంకాస్త పెద్ద బజారు, రైతు బజారు ఉంది. ట్రాఫిక్, దుమ్ము కూడా ఆ మేరకే.

ఇల్లు ఖాయం చేసే ముందు రెండు పనులు చేయండి. కంపెనీ హెచ్‌ఆర్‌ను అడిగి స్టాఫ్ బస్సు ఎక్కడెక్కడ ఆగుతుందో, మూడు షిఫ్టులకూ ఆగుతుందో లేదో రాయించుకోండి. జనరల్ షిఫ్టుకు ఆగే బస్సు నైట్ షిఫ్టుకు అదే పాయింటులో ఆగకపోవచ్చు. రెండోది, ఆ వీధికి పగలు కాదు, రాత్రి 11 తర్వాత ఒకసారి, తెల్లారగట్ల ఒకసారి వెళ్లి నిలబడండి. పగటిపూట సముద్రపు గాలి వాసనను చెదరగొడుతుంది. రాత్రి గాలి నిలిచిపోతే అదే వాసన నేలబారున కూర్చుంటుంది. 2020 మే 7న ఆర్.ఆర్.వెంకటాపురం దగ్గర స్టైరిన్ గ్యాస్ లీకైంది కూడా తెల్లవారుజామునే. ఆ ఆవిరి గాలికన్నా బరువు, పల్లానికి పారుతుంది. కాబట్టి ఎంత దూరంలో ఏ ఫ్యాక్టరీ ఉంది, మన వీధి దానికి మెరకనా పల్లమా అన్నది పారిశ్రామిక ప్రాంతంలో తప్పక చూడాల్సిన విషయం.

ప్రశ్న: మా అమ్మాయి బ్యాంకు పరీక్షల కోచింగ్‌కు విశాఖ వెళ్తానంటోంది. హాస్టల్ ఎక్కడైతే క్షేమం?
– ఒక తల్లి, మిర్యాలగూడ

జవాబు: కోచింగ్ సెంటర్ల అడ్డా ద్వారకానగర్. ఆర్టీసీ కాంప్లెక్స్ పక్కనే, రైల్వే స్టేషన్ నుంచి ఆటోలో పది పదిహేను నిమిషాలు. పౌర గ్రంథాలయం కూడా అక్కడే ఉంది. మీ ఊరి మీదుగా నడిచే విశాఖ ఎక్స్‌ప్రెస్, జన్మభూమి ఉన్నాయి కనుక రాకపోకలకు ఇబ్బంది లేదు. ద్వారకానగర్‌లో గది దొరక్కపోతే అక్కయ్యపాలెం, సీతమ్మధార చూడండి. ఫీజు కట్టేముందు గదిలో పది నిమిషాలు కూర్చోండి. కిటికీ బయటికి తెరుచుకుంటుందా, లేక పక్క భవనం గోడకా? ఇక్కడి ఉక్కపోతలో గాలి ఆడని గదిలో నలుగురు ఆడపిల్లలు ఉంటే బట్టలు రెండు రోజులైనా ఆరవు, పుస్తకాలకు బూజు పడుతుంది.

ప్రశ్న: మాకు రుషికొండ ఐటీ కంపెనీలో ఉద్యోగం, ఇద్దరమూ అక్కడే. బీచ్ రోడ్డు మీద సముద్రం కనిపించే ఫ్లాటు కిరాయికి చూశాం. ఓనరు 'ఇలాంటిది మళ్లీ దొరకదు' అంటున్నారు. తీసుకోమంటారా? నల్లగొండ నుంచి కూలర్, ఏసీ రెండూ తెచ్చుకోవచ్చా?
– ఒక జంట, నల్లగొండ

జవాబు: కూలర్‌ను అక్కడే ఎవరికైనా ఇచ్చేసి రండి. నీళ్లు ఆవిరైతేనే కూలర్ చల్లబరుస్తుంది. నల్లగొండ మే నెల ఎండలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి అది పనిచేస్తుంది. విశాఖలో గాలి తేమ ఏడాది పొడుగునా 70 శాతానికి అటూ ఇటూ. ఆ గాలిలో నీళ్లెక్కడ ఆవిరవుతాయి? కూలర్ పెడితే గదిలో ఇంకాస్త జిడ్డు చేరుతుంది, అంతే. వేసవిలో ఇక్కడ థర్మామీటరు 35, 36 దగ్గరే ఉంటుంది, మన 44 డిగ్రీలు కాదు. కానీ చెమట ఆరదు, ఒంటికే అంటుకుని ఉంటుంది.

ఇక ఫ్లాటు. ఓనరు చూపించిన బాల్కనీ వదిలేసి, ఆ బాల్కనీ గ్రిల్లును గోడకు బిగించిన బోల్టుల తలలు చూడండి. రంగు కింద ఉబ్బి, గోరుతో గీకితే పొరలు పొరలుగా రాలుతున్నాయా? తర్వాత తల ఎత్తి శ్లాబు అంచు చూడండి. లోపలి ఇనుప చువ్వ వెంబడి సన్నటి గోధుమరంగు చార, దాని పక్కనే వెంట్రుకంత పగులు కనిపిస్తే ఆ చువ్వకు సిలుం పట్టింది. తుప్పు పట్టిన ఇనుము మొదటికన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. పైనున్న కాంక్రీటును అదే బయటికి నెట్టేస్తుంది, పెచ్చులు ఊడతాయి. కొత్తగా సున్నం వేసిన ఇంట్లో ఈ చార దొరక్కపోవచ్చు. అప్పుడు పై అంతస్తు మెట్లగదిలోకి వెళ్లండి, అక్కడ రంగు ఎవరూ వేయరు.

అలల తుంపరతో వచ్చే ఉప్పు మొదటి రెండు మూడు వరసల ఇళ్ల మీదే ఎక్కువ. ఏసీ అవుట్‌డోర్ యూనిట్ రెక్కలు పొడి పొడి అవుతాయి, గ్యాస్ కారిపోతుంది. బైకు చెయిన్, ఇంట్లో స్విచ్చులు, టీవీ బోర్డు అన్నింటికీ అదే గతి. మీ ఏసీని తప్పక తేవాలనుకుంటే యూనిట్‌ను సముద్రం వైపు గోడకు కాక వెనక గోడకు బిగించమనండి, నెలకోసారి మంచినీళ్లతో కడగండి. ఆ ఓనరుతో ఒప్పందం రాసుకునేటప్పుడు తుప్పు రిపేర్లు ఎవరి ఖర్చో కాగితం మీద పెట్టండి.

మా సలహా మాత్రం ఎండాడ, పి.ఎం.పాలెం, మధురవాడ మిథిలాపురి కాలనీ. ఇవి కొండకు అవతలి పక్క, సముద్రపు గాలి నేరుగా తగలదు. ఎండాడ దగ్గర నుంచి రుషికొండకు దిగే రోడ్డు ఉంది. సాయంత్రం బీచ్‌కు పోవాలంటే బండి మీద పావుగంట. రెండు లోట్లు చెప్పాలి. మధురవాడ వైపు కొన్ని వీధులు ఎండాకాలం ట్యాంకర్ల మీద బతుకుతాయి, ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకర్ ఖర్చు మెయింటెనెన్స్‌లో కలిసి ఉందా, విడిగానా అని అడగండి. ఇంకోటి, పి.ఎం.పాలెంలోనే క్రికెట్ స్టేడియం. మ్యాచ్ రోజున ఇంట్లోనే ఉండి టీవీలో చూడటం మేలు.

తుపాను మాటా గుర్తుంచుకోండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ గంటకు 170 కిలోమీటర్ల పైచిలుకు గాలులతో ఈ ఊరి మీదే తీరం దాటింది. రోజుల తరబడి కరెంటు లేదు. జనరేటర్ లిఫ్టుకేనా, నీళ్ల మోటారుకు కూడానా? ఆరో అంతస్తు వాళ్లకు ఈ ప్రశ్న బాల్కనీ కన్నా ముఖ్యం.

ప్రశ్న: మాది మర్రిగూడ. అమ్మకు 72 ఏళ్లు, ఫ్లోరైడ్ వల్ల మోకాళ్లు పట్టేశాయి. తమ్ముడి దగ్గర విశాఖలో ఉంచాలనుకుంటున్నాం. అక్కడ నీళ్లు ఎలా ఉంటాయి? ఏ ఏరియా అనుకూలం?
– ఒక పాఠకురాలు

జవాబు: పట్టించుకోవాల్సింది నేల వాలు, ఆ తర్వాత నీళ్లు. విశాఖలో చాలా వీధులు కొండ మీదికి ఎక్కుతాయి. గ్రౌండ్ ఫ్లోర్ అని రాసి ఉన్నా వీధిలోంచి పన్నెండు మెట్లు ఎక్కాల్సి రావచ్చు. అమ్మగారికి ఎం.వి.పి. కాలనీ నప్పుతుంది. నేల చదును, సెక్టార్లుగా వేసిన రోడ్లు, రైతు బజారు ఉన్నాయి. హనుమంతవాక దగ్గర విమ్స్, ఎల్.వి.ప్రసాద్ కంటి ఆస్పత్రి, చినగదిలిలో ఆస్పత్రులన్నీ ఒక్కచోట ఉన్న హెల్త్ సిటీ దగ్గరే. పెద్ద సర్కారు దవాఖానా కేజీహెచ్ కూడా మరీ దూరం కాదు. కాలనీలో తూర్పు సెక్టార్లు సముద్రానికి దగ్గర, ఉప్పు సంగతి పైన చెప్పాం.

కార్పొరేషన్ నల్లా నీళ్లు మేఘాద్రిగెడ్డ, రైవాడ, తాటిపూడి వంటి జలాశయాల నుంచి, ఏలేరు కాల్వ నుంచి వస్తాయి. అవి తాగడానికే తీసుకోండి, ఫిల్టర్ మామూలు యూవీది చాలు. బోరు నీళ్లతోనే జాగ్రత్త. మన దగ్గర బోరులో ఫ్లోరైడ్ భయం, తీరంలో ఉప్పు భయం. ఎక్కువ తోడితే సముద్రపు నీరు లోపలికి ఎగదన్నుతుంది, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. సబ్బు నురగ రాకపోవడం, బకెట్ అంచున తెల్ల చార దాని గుర్తులు. నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటర్ 500 లోపు చూపిస్తే మంచిదే. కానీ ఆ మీటర్ ఫ్లోరైడ్‌ను పట్టదు, దానికి ల్యాబ్ పరీక్షే దారి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు, ఒకటి లోపుంటే మేలు.

తెలంగాణ ఆరోగ్యశ్రీని నమ్ముకుని రావొద్దు. 70 ఏళ్లు, ఆపైన ఉన్నవారికి కేంద్రం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు తీయించండి. ఏటా 5 లక్షల దాకా, పథకంలో ఉన్న ఆస్పత్రుల్లో ఆంధ్రలోనూ చెల్లుతుంది.

ప్రశ్న: బాబు 9వ తరగతిలోకి వస్తున్నాడు. డాక్టర్ చదవాలని ఆశ. ఇప్పుడే విశాఖ మారితే నష్టమా?
– ఒక తండ్రి, వనపర్తి

జవాబు: తెలంగాణలో సీటు కావాలంటే నష్టమే. తెలంగాణ మెడికల్ సీట్లలో స్థానిక కోటాకు 9 నుంచి ఇంటర్ దాకా వరసగా 4 ఏళ్లు తెలంగాణలో చదవాలన్నది 2024 నాటి నిబంధన. ప్రైవేటు ఉద్యోగం మీద మారినవారికి మినహాయింపు లేదు. బాబును ఇంటర్ అయ్యేదాకా వనపర్తిలోనో హైదరాబాద్‌లోనో ఉంచండి, లేదంటే నాలుగేళ్లూ విశాఖలోనే చదివించి ఆంధ్రలో స్థానికుడిని చేయండి. నడుమలో మారిస్తే రెంటికీ చెడతాడు.

ప్రశ్న: సింహాచలం కొండ కింద వేపగుంటలో 3 సెంట్ల ఇల్లు అమ్ముతున్నారు. నోటరీ కాగితం మీద, రేటు చుట్టుపక్కల కన్నా సగం. తీసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: కిరాయికి ఉండండి, కొనకండి. అడవివరం, వేపగుంట, వెంకటాపురం, పురుషోత్తపురం, చీమలాపల్లి, ఈ ఐదింటిని పంచగ్రామాలంటారు. భూమి సింహాచలం దేవస్థానానిదా, దశాబ్దాలుగా ఇళ్లు కట్టుకుని ఉంటున్నవాళ్లదా అన్న తగువు ఎన్నో ఏళ్లది. చిక్కులో ఉన్న సర్వే నంబర్లకు రిజిస్ట్రేషన్ కాదు కాబట్టే నోటరీ, కాబట్టే సగం రేటు. అమ్మేవాళ్లు మోసగాళ్లని కాదు, వాళ్ల చేతిలోనూ అంతకుమించిన కాగితం ఉండదు.

ఆ ఊళ్లలో ప్రతి జాగా ఇలాంటిదే అనుకోవద్దు. అందుకని ముందు సర్వే నంబరు అడగండి. ఆంధ్ర రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో నిషేధిత భూముల 22-ఎ జాబితాలో ఆ నంబరు ఉందేమో చూడండి. ఉంటే బేరం అక్కడితో ఆపేయండి. లేకపోతే ఆ ఆస్తి మీద నడిచిన రిజిస్ట్రేషన్లు చూపే ఈసీ 30 ఏళ్లది తీయండి, ప్లాను మంజూరు కాగితం అడగండి. మన పహాణీని అక్కడ అడంగల్ అంటారు. కొలతలోనూ పొరపడొద్దు: మన గుంట 121 గజాలు, అక్కడి సెంటు 48.4 గజాలు. అంటే రెండున్నర సెంట్లు ఒక గుంట. మీరు చెప్పిన 3 సెంట్లు 145 గజాలు మాత్రమే. ఇంకొక్క మాట, అక్కడ 'గెడ్డ' అంటే మన వాగు. హద్దుల్లో ఒకపక్క గెడ్డ అని రాసి ఉంటే, వానాకాలం అక్టోబరులో పోయి దాని కల్వర్టు గోడ మీద నీటి మరక ఎంత ఎత్తున ఉందో చూసి రండి.