ఆఫ్రికా వైద్య శిబిరం కోసం లక్షన్నర అప్పు చేయాలా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. మా బిడ్డ బీఎస్సీ నర్సింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. ఆఫ్రికాలో పేద పల్లెలకు వైద్యం చేసే శిబిరానికి మూడు వారాలు తీసుకెళ్తామని, లక్షన్నర కట్టమని ఒకరు అడుగుతున్నారు. వాళ్లిచ్చే సర్టిఫికెట్ ఉంటే విదేశాల్లో ఉద్యోగం తేలికట. బిడ్డ పోతానని పట్టుబడుతోంది. అప్పు తెచ్చి పంపమంటారా?

జవాబు: అప్పు చేయకండి. విదేశీ ఆసుపత్రులు చూసేది నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్, ఆ తర్వాత చేసిన ఉద్యోగ అనుభవం, వాళ్ల పరీక్ష, వాళ్ల భాష. మూడు వారాల సర్టిఫికెట్ వీటిలో దేనికీ బదులు కాదు.

బిడ్డ కోరిక మాత్రం చాలా మంచిది. అందుకే ఆమెతో కూర్చుని ఒక్క మాట అడగండి: అక్కడ నువ్వు ఏం చేస్తావు? కోర్సు పూర్తి కాని విద్యార్థి, అక్కడి భాష రాని మనిషి, బీపీ చూసి మాత్రలు పంచగలదు. ఆ మాత్రలు నెలకు అయిపోతాయి. తర్వాత ఆ మాత్రలు తీసుకున్న ముసలమ్మను చూసేదెవరు? మర్రిగూడ, నాంపల్లి వైపు తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్లు మీకు తెలియనివి కావు. వంగిపోయిన ఎముకలను ఏ శిబిరం మాత్రలూ సరిచేయలేవు. అక్కడ కావలసింది మంచినీళ్లు. కృష్ణా నీళ్లు వచ్చాకే పిల్లలకు ఆ ముప్పు తగ్గింది. ఏ దేశం పల్లెలోనైనా జబ్బు వెనక ఇలాంటి కారణం ఒకటి ఉంటుంది. అది తెలియాలంటే అక్కడ నెలల తరబడి ఉండాలి.

ఫీజు అడిగినంత మాత్రాన మోసమని అనను. మెర్సీ షిప్స్ ఆసుపత్రి ఓడల్లో పనిచేసే వాలంటీర్లు కూడా తమ ఖర్చు తామే పెట్టుకుంటారు. కానీ అక్కడ నర్సులుగా తీసుకునేది రిజిస్ట్రేషన్, అనుభవం ఉన్నవాళ్లనే. 1971లో ఫ్రాన్స్‌లో మొదలై, 1999లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్న వైద్య సేవా సంస్థ డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ కూడా సాధారణంగా కనీసం రెండేళ్ల అనుభవం అడుగుతుంది. ప్రయాణ ఖర్చు వాళ్లే పెట్టి, నెలకు జీతం కూడా ఇస్తారు. 1938లో మన దేశం నుంచి చైనాకు వెళ్లిన ఐదుగురు డాక్టర్లలో కోట్నీస్ గారు ఒకరు. ఆయన డాక్టరయ్యాకే వెళ్లారు. చైనా భాష నేర్చుకుని, 1942లో చనిపోయేదాకా అక్కడే వైద్యం చేశారు. మీ బిడ్డకు ఆయన కథ తప్పకుండా చెప్పండి.

ముందు డిగ్రీ, రిజిస్ట్రేషన్ పూర్తి కానివ్వండి. తర్వాత రెండేళ్లు ప్రసూతి వార్డులోనో, పిల్లల వార్డులోనో గట్టిగా పనిచేయాలి. మెషిన్లు ఎక్కువగా ఉండని చోట ఒక కాన్పును భయం లేకుండా చూసుకోగలిగితే, ఆమె ఎక్కడికి వెళ్లినా పనికొస్తుంది. కాంగో, చాద్ లాంటి దేశాల్లో ఫ్రెంచ్ నడుస్తుంది కాబట్టి ఇప్పటినుంచే ఇంగ్లీషుతో పాటు అది కూడా కొంచెం కొంచెం నేర్చుకోవచ్చు.

ఈ సెలవుల్లో అయితే, కాలేజీ ప్రిన్సిపాల్ నుంచి లెటర్ తీసుకుని అమ్రాబాద్ వైపు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగమనండి. ఒప్పుకుంటే ఏఎన్‌ఎం వెంట నల్లమల అడవిలోని చెంచు గిరిజనుల పెంటలకు (చిన్న గూడేలకు) వెళ్లి రావచ్చు. దేవరకొండ నుంచి బస్సు ఛార్జీలే ఖర్చు.