పిండాలు రాసే టైంటేబుల్

ప్రశ్న: చిట్టెలుకల మెదడు ఎదుగుదలపై పీహెచ్‌డీ ముగుస్తోంది. పరిశోధనతో పాటు పాఠాలూ చెప్పాలనుంది. పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తరవాతి తాత్కాలిక పరిశోధన) ఇదే ల్యాబ్‌లో చేయవచ్చా?

జవాబు: ల్యాబ్ మారడమే మేలు. అక్కడే ఉండిపోతే ఆలోచన మీదా, గైడ్‌దా అన్న అనుమానం ఎంపిక కమిటీకి తీరదు. కొత్తచోట చేరకముందే, అక్కడి నుంచి వెళ్లేటప్పుడు ఏ ప్రాజెక్టు వెంట తీసుకెళ్లవచ్చో రాతపూర్వకంగా తేల్చుకోండి. మొహమాటపడితే తరవాత గొడవే.

ఇక పాఠాలంటారా, ఈ రంగంలో టైంటేబుల్ రాసేది పిండాలే. చిట్టెలుక గర్భం 19-20 రోజులు. జతకట్టిన గుర్తు కనిపించిన రోజు మధ్యాహ్నాన్ని 0.5గా లెక్కిస్తారు. 12.5వ రోజున ఈడీయూ (విభజన చెందబోయే కణాల డీఎన్ఏలో చేరి గుర్తుగా నిలిచే రసాయనం) ఎక్కిస్తే ఎక్కువగా కార్టెక్స్ (మెదడు వెలుపలి భాగం) లోపలి పొరల న్యూరాన్లకు గుర్తు పడుతుంది, 15.5కు జారితే పైపొరలవాటికి. క్లాసుందని వాయిదా వేశారా, అది వేరే ప్రయోగమే! సెమిస్టర్ నడిచేటప్పుడు పాత స్లైడ్ల ఇమేజింగ్ పెట్టుకోండి, జతకట్టించడం సెలవుల్లో.