ఫెరెట్ కావాలన్న మేనల్లుడికి

చిరంజీవి చిన్నాకి అత్త ఆశీస్సులు.

నువ్వు పంపిన వీడియో చూశాను. రెండు ఫెరెట్ పిల్లలు, మన ముంగిసలా పొడుగ్గా ఉండే ఆ పెంపుడు జంతువులు, ఒకదాని మీద ఒకటి పడి దొర్లుతున్నాయి. ముద్దుగానే ఉన్నాయి, కాదనను. కానీ "అత్తా, పూర్ణా మార్కెట్ గోడౌన్లో పందికొక్కుల పీడ వదులుతుంది, ఇంట్లో పిల్లలకి ఆటా అవుతుంది" అన్నావు చూడు, నాకు అక్కడే గుండె జారింది. పుణ్యమూ పురుషార్థమూ కలిసొస్తాయనుకుంటున్నావు. ముందు ఆ గోడౌన్ సంగతి తేల్చేసి, తర్వాత ఇంటి సంగతికొస్తాను.

పందికొక్కు మీద ఫెరెట్‌ని వదలొద్దు. బాగా ఎదిగిన పందికొక్కు కిలో దాకా తూగుతుంది. ఆడ ఫెరెట్ అంత కూడా ఉండదు. మగది కిలో నుంచి రెండు కిలోల లోపు. పాత ఇంగ్లండులో వీటితో ఎలుకలు పట్టించిన మాట నిజమే గానీ, అవి వేరే ఎలుకలు, వేటకని పెంచిన ఫెరెట్లు. బెంగుళూరు షాపులో డబ్బా మేత తిని పెరిగిన పిల్ల నీ గోడౌన్ కాలవలో దిగితే మూతి చీరుకుని బయటికొస్తుంది. పైగా మార్కెట్లో నువ్వు పెట్టకపోయినా పక్క కొట్టువాడు ఎలుకల మందు పెడతాడు. ఆ మందు తిన్న ఎలుకని ఇది తింటే దీనికీ అదే గతి. ఎలుక మూత్రంతో వచ్చే లెప్టోస్పైరోసిస్ ఒకటుంది, అది దాన్నుంచి నీ పిల్లల దాకా రాగలదు. గాజు పెంకులు కలిపిన సిమెంటుతో కన్నాలు పూడ్పించు, బస్తాలు గోడకి జానెడు ఎడంగా చెక్కల మీద పేర్పించు, రాత్రిపూట బోన్లు పెట్టించు. గోడౌన్‌కి అది చాలు.

అసలు ఫెరెట్ పని ఏమిటో నీకు తెలియదు కాబట్టి రాస్తున్నాను. మీ మావయ్య ఆసుపత్రి ఉద్యోగంలో ఉన్నప్పుడు మేం ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో ఒక బొగ్గు గనుల ఊళ్ళో ఉండేవాళ్ళం. పక్కింటాయన రిటైరైన గని కార్మికుడు, పెరట్లో చెక్క గూళ్ళలో ఫెరెట్లు ఉండేవి. నాకీ పని నేర్పింది ఆయనే. అక్కడి కుందేళ్ళు నేలలో బొరియలు తవ్వుకుని గుంపుగా ఉంటాయి. ఒక్కో బొరియకి బోలెడు ద్వారాలు. కనబడిన ప్రతి ద్వారం మీదా ఒక సంచీ వల పరుస్తారు. వల అంచులోంచి తాడు, తాడు చివర మేకు, మేకు నేలలోకి. ఇదంతా మాటా పలుకూ లేకుండా, అడుగు చప్పుడు కాకుండా చెయ్యాలి. అంతా అయ్యాక ఫెరెట్‌ని ఒక కన్నంలో వదులుతారు. కాసేపటికి కాళ్ళ కింద నేలలోంచి దడదడమని చప్పుడు వినిపిస్తుంది. కుందేలు బాణంలా దూసుకొచ్చి వలలో పడుతుంది, తాడు బిగిసి వల మూతి మూసుకుంటుంది.

ఫెరెట్ పని తరమడమే, చంపడం కాదు. కడుపు మాడ్చి పంపితే లోపలే చంపి తిని అక్కడే ముసుగు తన్నుతుంది. నిండా పెట్టి పంపితే దానికి వేట మీద మనసుండదు. అందుకే పొద్దున్నే కొంచెం పెట్టి తీసుకెళ్ళేవాళ్ళు. అయినా ఒక్కోసారి లోపల ఉండిపోతుంది. దాని మెడ పట్టీకి చిన్న ట్రాన్స్‌మిటర్ ఉంటుంది, పైన రిసీవర్ పట్టుకుని నేలంతా తిరిగి, ఎక్కడుందో, ఎంత లోతులో ఉందో చూసుకుని పారతో తవ్వుతారు. ఆకులు రాలి కన్నాలు బయటపడే చలికాలంలోనే ఈ పనంతా.

మన దగ్గర ఆ కుందేలు అడవిలో లేదు. మన కొండల్లో తిరిగే చెవులపిల్లి బొరియ తవ్వదు, పొద కింద గడ్డిలో నక్కి పడుకుంటుంది. దాన్ని వేటాడితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఊరుకోదు. ఆదివారం సరదాగా కంబాలకొండ అభయారణ్యం వైపు తీసుకెళ్దామన్న ఆలోచన కూడా రానీకు.

అలాగని పని లేకుండా ఉంచితే ఫెరెట్ పాడైపోతుంది. చీకటి గొట్టం కనబడితే దూరకుండా ఉండలేదు, దాని పుట్టుకే అంత. 1971లో అమెరికాలోని ఇలినాయ్‌లో, తర్వాత ఫెర్మీల్యాబ్ అని పేరొచ్చిన ప్రయోగశాలలో, పొడుగాటి లోహపు గొట్టాల్లోంచి ఇనప రజను తుడవడానికి ఫెలీషియా అనే ఫెరెట్‌ని పెట్టుకున్నారు. దాని ఒంటికి పట్టీ కట్టి, పట్టీకి తాడు కట్టి గొట్టంలోకి వదిలేవారు. అది అవతలి చివర తేలాక ఆ తాడుకి మందులో తడిపిన గుడ్డ కట్టి లాగేవారు. కణభౌతిక శాస్త్రవేత్తలకే పనికొచ్చినప్పుడు నీ ఇంట్లో మాత్రం ఖాళీగా ఎందుకుండాలి? నాలుగంగుళాల పీవీసీ పైపులు, వంపులు నాలుగు కొని గదిలో పరిచి ఉంచు. వారానికోసారి వాటి వరస మార్చు. పాత అట్టపెట్టెలో బియ్యం పోసి అందులో మాంసం ముక్క దాచు. రోజుకి నాలుగు గంటలైనా గూటి బయట తిరగాలి, నువ్వు చూస్తుండగా.

ఇంక అసలు విషయం, ఎండ. విశాఖలో ఫెరెట్ పెంచడమంటే ఎండతో, ఉక్కతో పోట్లాట. దానికి చెమట పట్టదు. కుక్కలా వగర్చి ఒళ్ళు చల్లబరుచుకోవడం కూడా సరిగా రాదు. 27 డిగ్రీలు దాటితే నలత, 30 దాటితే ప్రాణం మీదికే. మనకి మార్చి నుంచి అక్టోబరు దాకా ఏ మధ్యాహ్నం 30కి లోపుంటుంది చెప్పు? ఎయిర్ కూలర్ పెడతానంటావేమో. అది హైదరాబాద్‌లో పని చేస్తుంది, మన సముద్రపు గాలిలో తేమ మీద తేమ పోస్తుంది, అంతే. ఏసీ ఉన్న గది ఒకటి దానికి రాసిచ్చెయ్యాలి. ఫ్యాన్ కింద పెట్టి వాకిలి తడిపితే సరిపోతుందని అమ్మేవాడు చెబుతాడు. అమ్మేవాడికేం, వాడి సరుకు చేతులు దాటితే చాలు.

కరెంటు పోతే ఏం చేస్తావో కూడా ముందే అనుకో. మామూలు ఇన్వర్టర్ మీద ఏసీ నడవదు. ఫ్రీజర్లో నీళ్ళ సీసాలు ఎప్పుడూ నాలుగైదు గడ్డకట్టి ఉండాలి. తువ్వాలు చుట్టి గూట్లో ఒక మూల పెట్టు, కావాలంటే దగ్గరికెళ్తుంది, వద్దంటే దూరం జరుగుతుంది. కానీ అది కొన్ని గంటల మాట. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మనకి కరెంటు ఎన్నాళ్ళకి వచ్చిందో నీకు గుర్తే కదా. అలాంటప్పుడు కారు ఏసీలో వేసుకుని కరెంటున్న ఊరు పోవడమొక్కటే దారి. ఎవరింటికి పోతావో, వాళ్ళు రానిస్తారో ఇప్పుడే అడిగి ఉంచుకో.

నోరు తెరిచి రొప్పుతున్నా, ముక్కూ అరికాళ్ళూ ఎర్రగా కమిలినా, నడుస్తూ తూలినా అది వడదెబ్బ. ఐసు నీళ్ళలో ముంచకు. మామూలు చన్నీళ్ళతో కాళ్ళు, పొట్ట తడుపుతూ, ఫ్యాన్ గాలి తగలనిస్తూ డాక్టరు దగ్గరికి పరుగెత్తు.

తిండి దగ్గర మీ అమ్మతో గొడవ ఖాయం. పెరుగన్నం, పాలు, అరటిపండు, బిస్కట్టు, ఏదీ పెట్టనివ్వకు. ఇది నిఖార్సయిన మాంసాహారి. దాని పేగు ఎంత పొట్టిదంటే తిన్నది మూడు నాలుగు గంటల్లో బయటికొచ్చేస్తుంది. అందుకే రోజుకి రెండు పూటలంటే కుదరదు, మేత గిన్నె ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. తీపి అలవాటైతే ముందు ముందు క్లోమంలో గడ్డలు లేచే జబ్బున్నవాటికి రక్తంలో చక్కెర పడిపోయి కళ్ళు తేలేస్తాయి. అసలా జబ్బు ఫెరెట్లకి మామూలు, నువ్వు ఎగదోయకు. మంచి రకం పిల్లికూనల మేత, మాంసం మొదటి దినుసుగా ఉన్నది, ఎప్పుడూ గిన్నెలో ఉంచు. దానికి తోడు కోడి మెడలు, గుండె, కందనకాయ, కొంచెం లివరు. చికెన్ కొట్టు నీకు రెండిళ్ళ అవతలే కాబట్టి ఆ బెంగ లేదు. ఉడికించిన ఎముక మాత్రం వద్దు, విరిగి గుచ్చుకుంటుంది. ఫిషింగ్ హార్బర్లో చవగ్గా దొరుకుతున్నాయి కదా అని రోజూ పచ్చి చేపలు పెట్టకు. కొన్ని రకాల పచ్చి చేపల్లో బి1 విటమిన్‌ని నాశనం చేసే పదార్థం ఉంటుంది. ఇంకో మాట, చిన్నప్పుడు ఏ రుచి మరిగితే పెద్దయ్యాక అదే తింటుంది, కొత్తది పెడితే మూతి తిప్పుకుంటుంది. కాబట్టి తెచ్చిన మొదటి నెలల్లోనే రకరకాలు అలవాటు చెయ్యి.

కొనేముందే డాక్టర్ని వెతుక్కో. మన ఊళ్ళో కుక్కల డాక్టర్లు బోలెడు, కానీ "ఫెరెట్‌ని చూశారా ఎప్పుడైనా?" అని నేరుగా అడుగు. చూడలేదన్నవాళ్ళని తప్పుపట్టకు, చూశానని బొంకేవాళ్ళకంటే నయం. కుక్కలకొచ్చే డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు దీనికి సోకితే బతకడం దాదాపు లేదు. వీధి కుక్కలు తొక్కిన నేల మీంచి నీ చెప్పులతోనే ఇంట్లోకి రావచ్చు, చెప్పులు గుమ్మం బయటే విడువు. టీకా వేయించాలి గానీ కుక్కలకేసే ప్రతి డిస్టెంపర్ టీకా దీనికి పడదు, కొన్ని దీనికే జబ్బు తెస్తాయి. ఏది వేస్తున్నారో కంపెనీ కాగితం చదివి వేయమని డాక్టర్ని అడగడానికి మొహమాటపడకు. రేబిస్ టీకా కూడా.

మన జలుబు జ్వరం, అదే ఫ్లూ, దీనికి అంటుతుంది. దాన్నుంచి మనకీ వస్తుంది. 1933లో లండన్‌లో ఫ్లూ రోగుల గొంతు పుక్కిలించిన నీళ్ళు ఫెరెట్ల ముక్కులో వేసి, అవి కూడా తుమ్మితేనే ఆ జబ్బుకి కారణం వైరస్ అని శాస్త్రవేత్తలు తేల్చారు. మీ ఇంట్లో ఎవరు ముక్కు చీదుతున్నా ఆ గది తలుపు వేసెయ్యి.

ఆడదాన్ని కొంటే ఇంకో చిక్కుంది, అమ్మేవాళ్ళు ఇది చెప్పనే చెప్పరు. పగలు పెరిగే కాలంలో అది ఎదకొస్తుంది. మగదానితో కలిస్తే తప్ప ఆ ఎద తగ్గదు, నెలల తరబడి అలాగే ఉంటుంది. ఒంట్లో ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ పేరుకుని ఎముక మజ్జ దెబ్బతిని, రక్తం ఊరక చచ్చిపోతుంది. కలిపితే 42 రోజుల్లో ఈనుతుంది, అరడజనుకి పైగానే కళ్ళు తెరవని పిల్లలు. వాటిని ఎవరికిస్తావు? ఎద రాకుండా చర్మం కింద పెట్టే హార్మోన్ ఇంప్లాంట్ ఉంటుంది, లేదా ఆపరేషన్. ఆపరేషన్ చేసినవాటికి కొన్నేళ్ళ తర్వాత ఎడ్రినల్ అనే గ్రంథికి జబ్బు వచ్చే అవకాశం ఎక్కువ, అందుకని ఇంప్లాంటే మేలని నా అభిప్రాయం. అది మన దగ్గర తెప్పించగలరా అని డాక్టర్ని ముందే కనుక్కో. తెప్పించలేమంటే ఆడదాని జోలికి పోకు, రెండు మగపిల్లల్ని తెచ్చుకో. ఒంటరిగా మాత్రం వద్దు, దిగులు పడతాయి.

ఇంట్లో రబ్బరు ఏదీ నేల మీద ఉండకూడదు. హవాయి చెప్పు వార, పిల్లల ఎరేజర్లు, ఇయర్‌ఫోన్ బుడిపెలు, అన్నీ కొరికి మింగేస్తాయి, పేగుకి అడ్డం పడతాయి. తిండి మానేసి, దొడ్డికి రాక, పళ్ళు నూరుతుంటే ఆ రోజే డాక్టరు. రెండు వేళ్ళు పట్టే సందు ఉన్నా దూరిపోతాయి కాబట్టి వాషింగ్ మెషీన్ వెనక, బాత్‌రూమ్ నీళ్ళు పోయే కన్నం, అన్నీ మూయించు. వాసన వస్తోందని వారంవారం స్నానం చేయించకు, ఒంటి నూనె పోయి ఇంకా ఎక్కువ ఊరుతుంది. పక్కగుడ్డలు ఉతికితే వాసన సగం పోతుంది. మిగతా సగం మీ ఆవిడ భరించాలి, ఆమెని అడిగావా అసలు?

పిల్లలప్పుడు కరుస్తాయి. కొట్టకు, కొడితే భయపడి ఇంకా గట్టిగా పడతాయి. మెడ వెనక వదులు తోలు పట్టుకుని, కింద వెనక కాళ్ళకి అరచెయ్యి ఆనించి ఎత్తు. ఒళ్ళంతా వదిలేసి, నోరు బారెడు తెరిచి ఆవలిస్తుంది. అప్పుడే పళ్ళు చూసుకోవచ్చు, గోళ్ళు తీయచ్చు. ఆనందమొస్తే వీపు విల్లులా వంచి, పక్కకి పక్కకి గెంతుతూ, గోడలకి గుద్దుకుంటూ "డుక్ డుక్" అంటుంది, పిచ్చి పట్టిందనుకుని కంగారుపడకు. నిద్రపోతే చచ్చిపోయిందనే అనుకుంటావు. పిలిచినా, ఎత్తినా, ఊపినా మెలకువ రాదు, కాసేపటికి ఒక మీసం కదులుతుంది. రోజుకి పద్నాలుగు గంటలకి పైగా ఇలాగే. ఆరేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళు బతుకుతుంది, ఈ లోపు నీ పెద్దవాడు కాలేజీకి వెళ్ళిపోతాడు, పని నీ నెత్తినే.

కొనేటప్పుడు బిల్లు లేకుండా తేవద్దు. బయటి దేశం నుంచి వచ్చిందంటే దిగుమతి కాగితాలు కూడా చూపించమను. మన వీధిలో దాన్ని చూసిన ప్రతివాడూ ముంగిస అంటాడు. ముంగిసని ఇంట్లో పెంచడం చట్టం ఒప్పుకోదు, ఎవరైనా అటవీ శాఖకి ఫోన్ చేస్తే నీ దగ్గర కాగితం ఉండాలి.

ఏసీ గది, డాక్టరు, మీ ఆవిడ ఒప్పుకోలు, ఈ మూడూ కుదిరాకే అడ్వాన్స్ పంపు. ఈ వేసవి పోనిచ్చి నవంబరులో తెచ్చుకుంటే కొత్త చోటికి అలవాటు పడడానికి దానికీ నీకూ చల్లటి నెలలు దొరుకుతాయి. తెచ్చిన వారం ఆదివారం నన్ను తీసుకెళ్ళు, గోళ్ళు తీయడం నేను చూపిస్తాను. గోళ్ళ కత్తెర నా దగ్గరుంది, కొనకు.

మీ అత్త